సోఫా కోసం ఫిక్స్‌డ్ అద్దం తీయించొచ్చా?

ప్రశ్న: మాది కొంపల్లి దగ్గర విల్లా. మా అత్తగారింటి నుంచి చెక్కుడు పని ఉన్న పాత టేకు సోఫా తెచ్చుకుంటున్నాం. పొడవు 7 అడుగులు, లోతు 3 అడుగుల 3 అంగుళాలు, ఎత్తు 3 అడుగుల 2 అంగుళాలు. కాళ్లు ఊడవు. వీధి గుమ్మం దాటగానే మెట్లు అడ్డం, సోఫాని తిప్పే చోటు లేదు. పెరటి వైపు హాల్లోకి 7 అడుగుల వెడల్పు యూపీవీసీ స్లైడింగ్ డోర్ ఉంది. ఒక రెక్క జరుగుతుంది, రెండోది ఫిక్స్‌డ్. పూర్తిగా జరిపినా 3 అడుగుల 1 అంగుళమే దారి. ‘‘ఫిక్స్‌డ్ అద్దం అరగంటలో ఊడదీస్తా’’ అంటున్నాడు మా కార్పెంటర్. మావారికి ఒకటే టెన్షన్. తీయించొచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తీయించొచ్చమ్మా, కానీ ఆ కార్పెంటర్‌తో వద్దు. ఆయన పనితనాన్ని తక్కువ చేయడం లేదు. చెక్క పని వేరు, అద్దం పని వేరు. బాలానగర్‌లో అల్యూమినియం పని నేర్చుకుని, తర్వాత యూపీవీసీలోకి వచ్చినవాడిగా చెబుతున్నాను, తలుపు బిగించిన ఫ్యాబ్రికేటర్‌నే పిలవండి. వారంటీ ఉంటే అదీ పోకుండా ఉంటుంది.

ముందు జరిగే రెక్క సంగతి. హ్యాండిల్ అడ్డుపడి అది ఎప్పుడూ చివరిదాకా పోదు. ఆ రెక్కని ట్రాక్‌లోంచి తీసేస్తే రెండు మూడు అంగుళాలు కలిసొస్తాయి. చాలా ఇళ్లల్లో దాంతోనే పని అయిపోతుంది, ఫిక్స్‌డ్ జోలికి పోనక్కర్లేదు. మీ కొలతలకి మాత్రం అది చాలదు. సోఫాని ఎటు తిప్పినా 3 అడుగుల 2 అంగుళాలకు తగ్గదు. పట్టుకున్న చేతులకీ చోటు కావాలి, చెక్కుడు పని ఫ్రేముకి గీసుకోకూడదు. కాబట్టి మీకు రెండో రెక్క కూడా తీయాల్సిందే.

ఇప్పుడు అసలు విషయం. మీది ఫిక్స్‌డ్ రెక్కా, ఫిక్స్‌డ్ అద్దమా? హాల్లో నిలబడి చూడండి. జరిగే రెక్కకి ఉన్నట్టే దానికీ అద్దం చుట్టూ సొంత చట్రం ఉండి, అది ట్రాక్ మీదే కూర్చుని ఉంటే రెక్క. అలా కాకుండా గోడకి బిగించిన ఫ్రేములోనే నేరుగా అద్దం పెట్టి, చుట్టూ సన్నటి బీడింగ్ కొట్టి ఉంటే అద్దం.

రెక్క అయితే పని తేలిక. పక్కనా, పైనా, కిందా స్క్రూలు ఉంటాయి, వాటిని తీయాలి. సిలికాన్ పూసి ఉంటే కట్టర్‌తో కోయాలి. పై ట్రాక్‌లో రెక్క లేవకుండా చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, అదీ విప్పాలి. తర్వాత రెక్కని మధ్యకి జరిపి, నిలువుగా పైకి ఎత్తి, కింది అంచుని బయటికి లాగుతారు.

నేరుగా అద్దమే అయితే బీడింగులు ఊడదీసి, అద్దాన్ని వాక్యూమ్ కప్పులతో పట్టి తీయాలి. అద్దం కింద చిన్న ప్లాస్టిక్ ప్యాకింగులు ఉంటాయి. ఏది ఎక్కడుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టమనండి. తిరిగి పెట్టేటప్పుడు అవి అటూ ఇటూ అయితే అద్దం బరువు ఒక మూల మీదే పడుతుంది.

మీవారికి టెన్షన్ అన్నారు కదా, అది అనవసరపు భయమేమీ కాదు. 6 మి.మీ. అద్దం చదరపు అడుగుకి దాదాపు 1.4 కిలోలు తూగుతుంది. మీ రెక్కలో 24 చదరపు అడుగులు అనుకున్నా 33 కిలోలు, డబుల్ గ్లాస్ అయితే రెట్టింపు, చట్రం బరువు అదనం. ఇద్దరికి తక్కువ కాకుండా పట్టాలి, డబుల్ అయితే నలుగురు కావాలి. టఫెన్డ్ అద్దం, అంటే వేడిచేసి గట్టిపరిచిన అద్దం, మధ్యలో దెబ్బ తగిలినా చాలావరకు ఓర్చుకుంటుంది, దాని ప్రాణమంతా అంచుల్లో, మూలల్లో ఉంటుంది. ఒక్క మూల టైలుకి టక్కున తగిలిందంటే మొత్తం అద్దం పెసరగింజల్లా రాలిపోతుంది. దాన్ని కోసి సరిచేయడం కూడా కుదరదు, కొలతలిచ్చి కొత్తది చేయించుకోవాల్సిందే. అందుకే తీసిన అద్దాన్ని ఉత్త నేల మీద దించనివ్వకండి. ముందే రెండు చెక్క దిమ్మల మీద పాత దుప్పటి మడిచి వేసి ఉంచండి. గోడకి కాస్త వాలుగా, నిలువుగానే ఆనించాలి. పిల్లల్ని ఆ పూటకి మేడ మీదే ఉంచండి.

సోఫా వచ్చేటప్పుడు కింది ట్రాక్‌ని కాపాడుకోండి. దానికి రెండు పక్కలా ట్రాక్ కంటే కాస్త ఎత్తైన చెక్కలు పెట్టి, పైన మందపాటి ప్లైవుడ్ వేయించండి. టేకు సోఫా కాలు ట్రాక్ మీద ఒక్కసారి దిగితే పట్టీ వంగిపోతుంది, ఆ తర్వాత తలుపు ఎప్పటికీ సాఫీగా నడవదు. సోఫాని ఈడ్చనివ్వకండి, ఎత్తే తేవాలి.

పొద్దున్నే మొదలుపెట్టించండి, చీకటి పడేలోపు తలుపు మళ్లీ బిగిసిపోవాలి. మబ్బు పట్టినా, గాలి వేసినా ఆ రోజు మానుకోండి. రెక్క అంత వెడల్పున్న అద్దాన్ని గాలి తోస్తే పట్టుకున్నవాళ్లు నిలవలేరు.

బిగించాక కొత్త సిలికాన్ వేసి ఒక రోజు ఆరనివ్వాలి. అప్పుడు మీరు దగ్గరుండి చూడాల్సింది ఒకటుంది. ఫ్రేము బయటి వైపు అడుగున నీళ్లు పోవడానికి చిన్న చీలికలు ఉంటాయి. పనివాళ్లు కంగారులో వాటినీ సిలికాన్‌తో పూడ్చేస్తుంటారు. అలా పూడితే తొలి వానకే ట్రాక్ నిండి, నీళ్లు హాల్లోకి, ఆ టేకు సోఫా కాళ్ల దగ్గరికే వస్తాయి.