డీజిల్ పికప్పా, గ్యాస్ పికప్పా? ముందు కిరాయి ఎక్కడుందో చెప్పండి

"గుంటూరు, విజయవాడ మధ్య తిప్పుకోవడానికి కొత్త పికప్ కొందామనుకుంటున్నాను. డీజిల్‌ది తీసుకోనా, సీఎన్‌జీది తీసుకోనా? అయిదారేళ్లలో దేనికి ఖర్చు తక్కువ?" అని అడిగారు.

నాది 1.7 టన్నులు మోసే డీజిల్ బొలెరో పికప్. మా బావమరిదిది సీఎన్‌జీ మినీ ట్రక్కు. రెండూ గుంటూరులో మా వీధి చివర వేపచెట్టు కిందే ఉంటాయి. షోరూమ్ కుర్రాడు ఫోన్‌లో కొట్టి చూపించే లెక్క నాకు తెలీదు. రాత్రి అన్నాల దగ్గర మా ఇద్దరికీ జరిగే వాదన తెలుసు, అదే చెప్తాను.

గ్యాస్ అంటే సగం ఖర్చు అనే మాట పెట్రోల్ బండితో పోల్చి పుట్టింది. పెట్రోల్ మీద అయితే గ్యాస్‌కి తిరుగు లేదు, ఒప్పుకుంటాను. విజయవాడలో 2024, 2025లో లీటరు పెట్రోలు 109 రూపాయల చుట్టూ, డీజిల్ 97 చుట్టూ ఆడాయి. డీజిల్ దగ్గరికి వచ్చేసరికి గ్యాస్ లెక్క మారిపోతుంది. కిలో గ్యాస్‌లో ఉండే వేడి లీటరు డీజిల్ కన్నా 30 శాతం దాకా ఎక్కువే. కానీ డీజిల్ ఇంజన్ ఉన్నదాంట్లోంచి ఎక్కువ పని పిండుకుంటుంది. దాంతో ఒకే సైజు బండ్లలో లీటరుకి డీజిల్ బండి ఎంత దూరం పోతుందో, కిలోకి గ్యాస్ బండీ ఇంచుమించు అంత దూరమే పోతుంది, మహా అయితే కాస్త ఎక్కువ. పైగా 2022లో గ్యాస్ రేట్లు ఎలా ఎక్కాయో అందరూ చూశారు. మా బావమరిది ఎంత గీసి గీసి లెక్కేసినా కిలోమీటరుకి మిగిలేది రూపాయి, రూపాయిన్నర.

అన్నట్టు, డీజిల్ మీద మన రాష్ట్రంలో 22.25 శాతం వ్యాట్ కాకుండా లీటరుకి ఇంకో 4 రూపాయలు, ఆ పైన రోడ్డు సెస్ అని ఒక రూపాయి. ఆ రూపాయి ఏ రోడ్డు మీద పోశారో నాకింతవరకూ కనపడలేదు. హైదరాబాద్ లోడు దొరికిన వాళ్లు జగ్గయ్యపేట దాటేదాకా ఓపిక పట్టి, తెలంగాణలో పడ్డాక కోదాడలో ట్యాంకు నింపుకుంటారు.

ఇక అసలు సంగతి. పోయిన మిర్చి సీజన్‌లో ఒక గురువారం రాత్రి నేను బావమరిది బండిలో వెళ్లాను. ప్రత్తిపాడు అవతల ఒక ఊళ్లో తేజ రకం మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఎత్తాం. రైతు పెద్దాయన, క్యాబిన్‌లో మా పక్కనే ఇరుక్కుని కూర్చున్నాడు. సరుకు శుక్రవారం పొద్దునకల్లా గుంటూరు మిర్చి యార్డులో పడాలి. శని, ఆదివారాలు యార్డుకి సెలవు కాబట్టి ఆయన తొందర ఆయనది. బయల్దేరేటప్పటికే గ్యాస్ స్విచ్ మీద ఒక్క పచ్చ లైటు మిగిలింది. "దార్లో బంకు ఉందిగా బావా, పది నిమిషాలు" అన్నాడు మావాడు.

బంకు దగ్గరికి వెళ్తే ఆటోల లైను రోడ్డు మీదికి వచ్చేసి ఉంది. ఆ బంకుకి గ్యాస్ పైపులైను లేదు. మదర్ స్టేషన్లో పెద్ద సిలిండర్ల కట్ట నింపుకుని లారీ మీద తెచ్చి పెడతారు, దాన్ని క్యాస్కేడ్ అంటారు. అది ఖాళీ అయ్యేకొద్దీ ప్రెషర్ దిగిపోతుంది. ఫుల్ అంటే 200 బార్. ఆ రాత్రి ముల్లు 120 దగ్గరే మొరాయించింది. "ప్రెషర్ లేదండీ, క్యాస్కేడ్ బండి దార్లో ఉంది" అని బంకు కుర్రాడు వచ్చిన ప్రతివాడికీ అదే పాట పాడుతున్నాడు. సగం పట్టించుకుని పోదామంటే మాకన్నా ముందున్న ఆటోలకే ఆ సగం చాలలేదు.

గ్యాస్ పట్టేటప్పుడు బండిలో ఎవరూ ఉండకూడదు. పెద్దాయన దిగి తుండు తలకి చుట్టుకుని డివైడర్ మీద కూర్చున్నాడు. గాలి తిరిగినప్పుడల్లా మా టిక్కీల ఘాటుకి లైనంతా ఒకరి తర్వాత ఒకరు తుమ్మడం. వెనకాల ఆటో ఆయన ముక్కు తుడుచుకుంటూ వచ్చి "తేజానా అన్నా? రేటెట్టా ఉంది?" అని అడిగాడు. పెద్దాయన సమాధానం చెప్పలేదు. కాసేపాగి మావాడితో "ఏమయ్యా, పొద్దునకి అందుతామా, చెప్పు" అన్నాడు. మావాడు నా వైపు చూశాడు. బండిలో అవసరానికని 5 లీటర్ల పెట్రోల్ ట్యాంకు ఉంటుంది. అందులో పెట్రోల్ పోయించి ఎన్నాళ్లయిందో వాడికే గుర్తు లేదు. ఆ బంకులో పెట్రోల్ అమ్మరు.

క్యాస్కేడ్ లారీ తెల్లవారుజామున వచ్చింది. మేం యార్డు గేటు దగ్గరికి వెళ్లేసరికి లోపలికి పోయే బండ్ల వరస ఇంకో పెద్ద కథ. టిక్కీలు దించి కమీషన్ కొట్టు ముందు పేర్చేటప్పటికి కొనేవాళ్లు శాంపిళ్లు చూసుకుని వెళ్లిపోయారు. సరుకు సోమవారం దాకా అక్కడే. పెద్దాయన కిరాయిలో అయిదొందలు పట్టుకుని మిగతాది చేతిలో పెట్టాడు. మళ్లీ ఆయన సరుకు మావాడి బండెక్కలేదు. రూపాయిన్నర లెక్కన ఆ అయిదొందలు మిగలాలంటే ఎన్ని కిలోమీటర్లు తిరగాలో మీరే వేసుకోండి. పోయిన బేరం అందులో కలపలేదు.

ఇదంతా చదివి డీజిలే మంచిదని పరిగెత్తకండి. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్ 6 డీజిల్ బండ్లలో డీపీఎఫ్ అని ఒక తద్దినం ఉంది. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ అది. ఆ మసి కాలిపోవాలంటే బండి కాసేపు హైవే మీద మంచి వేడితో పరుగెత్తాలి. నేను కొన్నాళ్లు విజయవాడలో గవర్నర్‌పేట, బీసెంట్ రోడ్డు కొట్లకి సరుకు వేసే పని ఒప్పుకున్నాను. పది గజాలు కదలడం, ఆగడం, మళ్లీ కదలడం. డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. ఆటోనగర్ మెకానిక్ దగ్గరికి పోతే బానెట్ కూడా ఎత్తలేదు. "ఏలూరు వైపు హైవే ఎక్కి హనుమాన్ జంక్షన్ దాకా చిన్న గేరులో గట్టిగా తొక్కి రా, ఆరిపోద్ది" అన్నాడు. ఆరిపోయింది. కానీ ఖాళీ బండిని పనీపాటా లేకుండా అంతదూరం తిప్పిన డీజిల్ ఎవరి ఖాతాలో రాయాలి? లైటు వెలిగినా పట్టించుకోకుండా నడిపితే ఫిల్టర్ మూసుకుపోతుంది, అప్పుడు వచ్చే బిల్లు ముందు ఏ మైలేజీ లెక్కా నిలబడదు. ఇంజెక్టర్లు, టర్బో కూడా ఖరీదైన వస్తువులే. గ్యాస్ బండికి ప్లగ్గులు, ఫిల్టర్లు మార్చుకుంటూ పోతే చాలు.

నన్నడిగితే ఈ డీజిల్, గ్యాస్ వాదనంతా రెండో విషయం. డబ్బు పోయేది రిటర్న్‌లో. గుంటూరు నుంచి విజయవాడ ఇంచుమించు 35 కిలోమీటర్లు. రానూపోనూ 70 అనుకుంటే గ్యాస్ వల్ల మిగిలేది వంద రూపాయలు. అదే నా బండి గొల్లపూడిలో సరుకు దించి ఖాళీగా వెనక్కి వస్తే, లీటరుకి 13 కిలోమీటర్లు, లీటరు 97 రూపాయల లెక్కన డీజిలే 260 రూపాయలు. కాజ టోల్ గేటు వాళ్లు ఖాళీ బండి అని జాలిపడరు, ఆ ఫాస్టాగ్ కోత అదనం. గొల్లపూడి హోల్‌సేల్ కొట్లలో నలుగురితో పరిచయం ఉండి, తిరుగు లోడు ఖాయంగా దొరికేవాడు ఏ బండి కొన్నా బతుకుతాడు. ఫోన్‌లో లోడు చూపించే వాళ్లని నమ్ముకుంటే వాళ్ల వాటా పోను మనకి మిగిలేది టీ ఖర్చులు.

యార్డు సంగతి కూడా గుర్తుంచుకోండి. మిర్చి ఉన్నన్నాళ్లు నిద్ర ఉండదు. మే నెలలో ఎండాకాలం సెలవులు ఇచ్చారంటే బండి చెట్టుకింద, మనం అరుగు మీద. ఫైనాన్స్ వాళ్లకి మాత్రం సెలవులుండవు, వాయిదా తేదీకి ఫోను మోగుతుంది. నాకు తెలిసి చేతులు కాల్చుకున్న వాళ్లంతా ఇంధనం దగ్గర కాదు, ఆ మే, జూన్ నెలల దగ్గరే కాల్చుకున్నారు.

ఇంకో మాట. డీజిల్ బండి పదేళ్లకే తుక్కు అయిపోతుందని వాట్సాప్‌లో తిరిగేదాన్ని చూసి భయపడకండి. ఆ పదేళ్ల గొడవ ఢిల్లీ చుట్టుపక్కలది. మన దగ్గర ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, పాసవుతూ ఉంటే తిప్పుకోవచ్చు. ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి, అది గ్యాస్ బండికీ అంతే. పర్మిట్ దగ్గర మాత్రం మావాడే గెలిచాడు. లోడుతో కలిపి మొత్తం బరువు 3000 కిలోలు దాటని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు. నాది దాటుతుంది కాబట్టి నేను తీసుకోక తప్పలేదు.

మీకు రోజూ టౌన్లో కొట్లకి సరుకు వేసే పని ఖాయంగా ఉండి, ఇంటికి దగ్గర్లో పైపులైను ఉన్న బంకు ఉంటే గ్యాస్ తీసుకోండి. పల్లెల నుంచి మిర్చి, పత్తి ఎత్తేట్టయితే డీజిలే. రైతు ఎప్పుడూ అనుకున్నదానికన్నా రెండు టిక్కీలు ఎక్కువే ఎత్తిస్తాడు, గ్యాస్ బండి అప్పటికే సిలిండర్ల బరువు మోస్తూ ఉంటుంది.

కొత్తది కాక సెకండ్ హ్యాండ్ గ్యాస్ బండి చూడ్డానికి వెళ్తే, టైర్లు, కమాన్ పట్టీలు చూసేకన్నా ముందు టెస్ట్ తేదీ ఉండే సిలిండర్ ప్లేటు చూడండి. సిలిండర్‌కి మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్, అంటే నీళ్ల ఒత్తిడితో చేసే పరీక్ష, చేయించాలి, తేదీ దాటితే బంకులో గ్యాస్ పట్టకూడదు. "అదేముందండీ, చేయిద్దాం" అని అమ్మేవాడు నవ్వితే, ఆ టెస్ట్ ఖర్చు, సిలిండర్ దింపి ఎక్కించే కూలి, బండి ఆగిపోయే రోజుల కిరాయి ముందు తగ్గించి, అప్పుడు బేరం మొదలుపెట్టండి.