అక్కచెల్లెళ్ళ సంతకాల్లేని ప్లాటుకు ఆరు లక్షల బయానా

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రైవేటు ఉద్యోగం, నెలకు 68 వేలు చేతికొస్తాయి. ఊరి శివారులో 200 గజాల ప్లాటు గజం 14 వేల చొప్పున 28 లక్షలకు మాట్లాడుకుని ఆరు లక్షలు బయానా ఇచ్చాను. అందులో నాలుగు లక్షలు ఖాళీగా పడి ఉన్న ఎఫ్‌డీ, రెండు లక్షలు మా ఆవిడ బంగారం మీద తెచ్చినవి. 45 రోజుల గడువులో ఇంకా 17 రోజులే ఉన్నాయి. అమ్మేది ఇద్దరు అన్నదమ్ములు. స్థలం వాళ్ళ నాన్న కొన్నది. ఆయన వీలునామా రాయకుండానే పోయారు, అమ్మ కూడా లేరు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉన్నారు, ఒకామె అమెరికాలో. వాళ్ళ సంతకాలు లేవని బ్యాంకు లోన్ ఆపేసింది. 'పెళ్ళిళ్ళప్పుడే కట్నాలు ఇచ్చేశాం, వాళ్ళకు ఇంకేం సంబంధం లేదు' అంటున్నారు అన్నదమ్ములు. ఈసీ (స్థలం మీద రిజిస్టర్ అయిన లావాదేవీలు చూపే పత్రం) కూడా క్లీన్‌గానే ఉంది. పర్సనల్ లోన్ 12 లక్షలు, పీఎఫ్ నుంచి 5, తెలిసినవాళ్ళ దగ్గర రెండు రూపాయల వడ్డీకి 5 సర్దుకుని రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చా? ప్రభుత్వ విలువ ప్రకారం 12 లక్షలకే రిజిస్టర్ చేద్దామంటున్నారు, ఫర్వాలేదా?

సమాధానం: చేయించుకోకండి. 12 లక్షలకూ వద్దు, 28 లక్షలకూ వద్దు, ఇప్పుడున్న కాగితాలతో అసలే వద్దు.

మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది 'ఖాళీగా పడి ఉన్న ఎఫ్‌డీ' దగ్గర. ప్లాటు కొనేవాళ్ళు రాసే ఉత్తరాల్లో ఈ మాట నాకు తరచూ కనిపిస్తుంది. ఆ నాలుగు లక్షలు మీ ఇంటికి ఆరు నెలల ఖర్చు. అవి బ్యాంకులో ఉండి ఉంటే, లోన్ ఆగిన రోజే అన్నదమ్ములతో 'సంతకాలు తెండి, అప్పుడు మాట్లాడుకుందాం' అని ఇంటికి వచ్చేసేవారు. ఇప్పుడు ఆ మాట అనలేకపోతున్నారు. ఉన్నదంతా బయానాలో ఇరుక్కుంది, బంగారం తాకట్టులో ఉంది, గడువు తరుముతోంది. లొసుగు కళ్ళెదుట కనిపిస్తున్నా ఇంకో 22 లక్షలు పోయడానికి సిద్ధపడుతున్నారు.

ఇక హక్కుల సంగతి. తండ్రి సొంతంగా కొన్న ఆస్తి, వీలునామా లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకులకూ కూతుళ్ళకూ సమాన వాటాలు. నలుగురు పిల్లలు కాబట్టి ఒక్కొక్కరికి 50 గజాలు. అన్నదమ్ములిద్దరూ కలిసి అమ్మగలిగింది 100 గజాలు. మీరు 200 గజాల డబ్బిచ్చి 100 గజాల హక్కు, దానితో పాటు భాగ పంపకాల దావా ఒకటి కొనుక్కుంటున్నారు. కట్నం ఇచ్చినా, పసుపు కుంకుమ కింద ఏదైనా పెట్టినా ఈ వాటా పోదు. అక్కచెల్లెళ్ళు రిజిస్టర్డ్ హక్కు విడుదల పత్రం రాసిస్తేనే పోతుంది. రేపు అన్నదమ్ములు మాట మార్చి 'ఇది తాతల నాటి ఆస్తి' అన్నా మీకు ఒరిగేదేమీ లేదు. 2005 సవరణ, దాని మీద 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అక్కడా కూతుళ్ళ వైపే ఉన్నాయి.

ఈసీ క్లీన్‌గా ఉందంటే రిజిస్టర్ అయిన లావాదేవీల్లో చిక్కు లేదని మాత్రమే. తండ్రి చనిపోగానే కూతురికి వచ్చే హక్కు ఏ రిజిస్ట్రేషన్ ఆఫీసులోనూ నమోదు కాదు, ఈసీలో వెతికితే దొరకదు. అది కనిపించేది ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో. బ్యాంకు లాయరు అడిగింది అదే.

బ్యాంకు వద్దన్న స్థలానికి పర్సనల్ లోన్ తీసుకోవడం అనే ఆలోచన ఎవరు చెప్పారో గానీ, వాళ్ళ సలహా ఇంకెప్పుడూ అడగకండి. పర్సనల్ లోన్ ఇచ్చేవాడు మీ జీతం చూస్తాడు, స్థలం కాగితాల జోలికే రాడు. అంటే మీ తరఫున కాగితాలు చూసే చివరి మనిషిని కూడా మీరే పక్కకు తప్పిస్తున్నారు. 12 లక్షలకు 14 శాతం వడ్డీ, ఐదేళ్ళు అనుకుంటే కిస్తీ 28 వేల దాకా వస్తుంది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, 5 లక్షలకు నెలకు 10 వేలు, అసలు అలాగే ఉంటుంది. బంగారం మీద వడ్డీ ఓ రెండు వేలు వేసుకోండి. 68 వేలలో 40 వేలు వీటికే పోతాయి. మిగిలిన 28 వేలతో అద్దె, పిల్లల ఫీజులు, తిండి. ఒక్క నెల జీతం ఆలస్యమైతే అడ్డుకోవడానికి ఎఫ్‌డీ లేదు. పీఎఫ్‌ను ముట్టుకోకండి. పైగా మీ లెక్కలో రిజిస్ట్రేషన్ ఖర్చే లేదు. తెలంగాణలో ఏడున్నర శాతం, 28 లక్షల మీద 2 లక్షల 10 వేలు.

అది తగ్గించుకోవడానికే కదా 12 లక్షల ఆలోచన! లక్షా 20 వేలు మిగులుతాయి, నిజమే. రెండేళ్ళు దాటాక ఎప్పుడైనా అమ్మితే కాగితం మీద మీ కొనుగోలు ధర 12 లక్షలే కాబట్టి, మీరు చూడని 16 లక్షల లాభం మీద పన్నెండున్నర శాతం, అంటే 2 లక్షల పన్ను కట్టాలి. నగదుగా ఇచ్చే 16 లక్షలకు రుజువు ఉండదు. పేచీ వచ్చి డబ్బు వెనక్కి అడగాల్సి వస్తే కోర్టులో 12 లక్షలే మాట్లాడతాయి. స్థలం లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే, తీసుకున్నంతా జరిమానా కట్టాల్సింది అమ్మినవాళ్ళే. ఈ సంగతి ఆ అన్నదమ్ములకు కూడా చెప్పండి, కాస్త దిగివస్తారు.

మీరు పంపిన అగ్రిమెంటు ఫొటో చూశాను. వంద రూపాయల స్టాంపు పేపరు, రిజిస్టర్ కాలేదు. 'గడువులోగా మిగతా పైకం చెల్లించనిచో బయానా సొమ్ముపై హక్కు కోల్పోవుదును' అని మీతో రాయించుకున్నారు. వాళ్ళు సరైన హక్కు చూపించలేకపోతే ఏం చేస్తారో ఒక్క ముక్క లేదు. ఇద్దరు సాక్షుల్లో ఒకరు మధ్యవర్తే. అయినా మీరు భయపడుతున్నంత లేదు. హక్కులోని లోపాన్ని కొనేవాడికి చెప్పడం, అడిగిన పత్రాలు చూపించడం అమ్మేవాళ్ళ బాధ్యత. వాళ్ళ లోపం వల్ల ఆగిపోయిన బేరానికి మీ బయానా అంత తేలిగ్గా మింగలేరు. అందుకు గడువు దాటకముందే మీ మాట కాగితం మీద ఉండాలి.

ఈ వారంలోనే లాయరుతో నోటీసు ఇప్పించండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. కొనడానికి సిద్ధంగా ఉన్నామని, అక్కచెల్లెళ్ళిద్దరూ దస్తావేజులో చేరాలని లేదా ముందే హక్కు విడుదల పత్రం రిజిస్టర్ చేయాలని, అంతవరకు గడువు పెంచాలని, కాదంటే ఆరు లక్షలూ తిరిగివ్వాలని అందులో ఉండాలి. గడువు పెంచడానికి ఒప్పుకుంటే ఫోన్లో సరేనంటే చాలదు. అగ్రిమెంటు వెనక రాయించి, తేదీ వేయించి, సంతకాలు తీసుకోండి.

అమెరికాలో ఉన్నామె రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ పంపవచ్చు. అక్కడి భారత కాన్సులేట్‌లో సంతకం చేసి పంపాలి, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఆమె అమ్మకందారుగా చేరితే ఆమె వాటా సొమ్ములో టీడీఎస్ (డబ్బిచ్చేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) మీరే కోయాలి. '50 లక్షల లోపే కదా' అనుకోకండి, ఆ మినహాయింపు ఇక్కడ ఉండే అమ్మకందారులకే. ఆమె తన వాటాను డబ్బు తీసుకోకుండా అన్నదమ్ములకే వదిలేస్తే మీకు ఈ తలనొప్పి ఉండదు.

ఇదంతా తేలడానికి నెలలు పట్టవచ్చు. కరీంనగర్‌లో నా దగ్గరకు వచ్చే ఒకాయన ఇలాంటి సంతకం కోసమే ఏడు నెలలు ఆగాడు. అతని బయానా 50 వేలు, ఎఫ్‌డీ కదపలేదు. సంతకం వచ్చాక అదే బ్యాంకు లోన్ ఇచ్చింది, కొన్నాడు. మీరూ సంతకాలు వస్తే ఆ బ్యాంకు దగ్గరికే వెళ్ళండి. లింకు డాక్యుమెంట్లు (ఆ స్థలం పాత దస్తావేజులు), 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడదని ప్రభుత్వం పెట్టిన స్థలాల జాబితా) వాళ్ళ లాయరే చూస్తాడు.

బయానా వెనక్కి వస్తే మొదటి రెండు లక్షలతో మీ ఆవిడ బంగారం విడిపించండి. మిగతా నాలుగూ మళ్ళీ ఎఫ్‌డీలో వేయండి, ఈసారి ఆవిడ పేరున. మధ్యవర్తి ఇంకో ప్లాటు చూపించడానికి వచ్చేలోపే వేసేయండి.