బజర్ ముందు కూర్చోబోతున్న మా సహస్రకి

సహస్రా,

నువ్వు మీ స్కూలు క్విజ్ బౌల్ టీమ్‌లోకి ఎంపికయ్యావని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. కారు రిపేరు గురించి మాట్లాడుతూ మధ్యలో ఒక్క ముక్కలో చెప్పేసి మళ్లీ కారు దగ్గరికే వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. పదహారేళ్లుగా శనివారం వచ్చిందంటే ఏదో ఒక టోర్నమెంట్‌లో ప్రశ్నలు చదువుతూ గడుపుతున్నాను కదా, ఈ కబురు నాకు నువ్వే ముందు చెప్పి ఉండాల్సింది. సరేలే, కోపం పోయింది. మొదటి టోర్నమెంట్ వచ్చే శనివారమేనట. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇంగ్లీషులో రెండు మెసేజ్‌లు పెట్టొచ్చు కానీ, నీతో చెప్పాలనుకున్నవి నాకు తెలుగులోనే వస్తాయి.

ముందు ఆట సంగతి. మీ కోచ్ చెప్పే ఉంటారు, అయినా ఒకసారి విను. ఎదురెదురుగా రెండు టీములు, ఒక్కోదాంట్లో నలుగురు, ఒక్కొక్కరి ముందు ఒక బజర్. ప్రశ్నలు చదివే మోడరేటర్ టాసప్, అంటే రెండు టీములకీ కలిపి అడిగే ప్రశ్న, చదవడం మొదలుపెడతారు. తెలిసినవాళ్లు ఎక్కడైనా నొక్కొచ్చు, ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. టాసప్‌కి ఎవరి జవాబు వాళ్లే చెప్పాలి, పక్కవాళ్లతో గుసగుసలాడకూడదు. సరైన జవాబుకి 10 పాయింట్లు. చెప్పిన టీముకి బోనస్ వస్తుంది. అందులో మూడు భాగాలు, ఒక్కోదానికి 10. బోనస్ అప్పుడు నలుగురూ మాట్లాడుకోవచ్చు. మామూలుగా మ్యాచ్‌కి 20 టాసప్‌లు ఉంటాయి.

టాసప్‌ని పిరమిడ్‌లాగా రాస్తారు. మొదటి వాక్యంలో ఆ విషయాన్ని లోతుగా చదివినవాళ్లకే తెలిసే సంగతి ఉంటుంది. కిందికి వచ్చేకొద్దీ తేలికవుతుంది. చివరి వాక్యానికి వచ్చేసరికి రెండు టీముల్లో ఎనిమిది చేతులూ బజర్ల మీదే ఉంటాయి. 1996లో మొదలైన ఎన్ఏక్యూటీ అనే సంస్థ ప్రశ్నలతోనే చాలా స్కూలు టోర్నమెంట్లు జరుగుతాయి. వాళ్ల ప్రశ్నలో ఒకచోట చిన్న గుర్తు ఉంటుంది, అది మోడరేటర్ కాగితం మీదే కనిపిస్తుంది. అక్కడికి రాకముందే నొక్కి సరిగ్గా చెబితే 10 బదులు 15. దాన్ని పవర్ అంటారు. ప్రశ్న మధ్యలో ఆపి తప్పు చెబితే మైనస్ 5. దాన్ని నెగ్ అంటారు. ఆ టాసప్‌కి ఇక మీ టీములో ఎవరూ నొక్కడానికి ఉండదు, అవతలివాళ్లు మిగతాదంతా తీరిగ్గా విని చెప్పుకుంటారు. ప్రశ్న మొత్తం చదివేశాక తప్పు చెబితే మాత్రం పాయింట్లేమీ పోవు.

ఈ రూల్స్ అన్నిచోట్లా ఒకేలా ఉండవు. కొన్ని పోటీల్లో నెగ్ అన్నదే ఉండదు, కొన్నిచోట్ల మీరు చెప్పలేని బోనస్ భాగం అవతలి టీముకి వెళ్తుంది. అమెరికా ఇంధన శాఖ వాళ్లు 1991 నుంచి నడుపుతున్న సైన్స్ బౌల్‌లో మోడరేటర్ నిన్ను పిలవకముందే జవాబు చెప్పేస్తే అది చెల్లదు. ఎక్కడికెళ్లినా పొద్దున్నే రూల్స్ కాగితం చదువుకో.

ఇక అసలు విషయం. ఇదంతా రాస్తున్నది దీనికోసమే.

నేను పద్నాలుగేళ్లప్పుడు, 1997లో ఈ దేశం వచ్చాను. మీ నాన్న ఇంజనీరింగ్ మధ్యలో ఉన్నాడని అక్కడే ఉంచి, తాతయ్య, నానమ్మ నన్ను తీసుకొచ్చారు. తాతయ్య ఇక్కడికి కంప్యూటర్ ఉద్యోగానికి వచ్చారు కానీ, అంతకుముందు కాలేజీలో లెక్కలు చెప్పేవారని నీకు తెలుసు. మరుసటి ఏడాది నేను పదో తరగతిలో క్విజ్ టీమ్‌లో చేరాను, అచ్చం నీలాగే. మూడో టోర్నమెంటో నాలుగోదో, మధ్యాహ్నం మ్యాచ్. సైన్స్ టాసప్ మొదలైంది. ఏదో ఐసోటోప్ అర్ధాయువు 138 రోజులన్నారు. స్టాటిక్ దుమ్ము దులిపే బ్రష్‌లలో వాడతారన్నారు. నాకేమీ తగల్లేదు. ఇంతలో 1898, పిచ్‌బ్లెండ్ అనే మాటలు వినబడ్డాయి, క్యూరీ కథలోని ఏడాది, ఖనిజమూ అవే. అంతే, నొక్కేశాను. "మేరీ క్యూరీ" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో ఇప్పటికీ నా గొంతు నాకు వినిపిస్తుంది. మోడరేటర్ తల అడ్డంగా ఊపారు. ప్రశ్న మొదటి వాక్యం నుంచీ "ఈ మూలకం" అనే అడుగుతోంది. జవాబు పొలోనియం. తన దేశం పోలండ్ పేరు మీద క్యూరీయే పెట్టిన పేరు. కథంతా నాకు తెలుసు, అడిగిందేమిటో మాత్రం వినలేదు. మైనస్ 5. మా కెప్టెన్ ఏమీ అనలేదు, పెన్సిల్ బల్ల మీద పడేశాడు. ఆ చప్పుడు చాలు, నాకు తల తీసేసినట్టయింది.

నేను తప్పు అంటున్నది దాన్ని కాదు. అలాంటి నెగ్‌లు ఈ ఆటలో అందరికీ అవుతాయి. "ఈ మూలకం", "ఈ మనిషి", "ఈ నగరం" అనే మాటల మీద ఒక చెవి వేసి ఉంచడం వారం రోజులు ప్రాక్టీస్ చేస్తే అలవాటవుతుంది. నా తప్పు ఆ తర్వాత జరిగింది.

అదే మ్యాచ్‌లో ఇంకో ఐదు ప్రశ్నలున్నాయనగా లెక్కల టాసప్ వచ్చింది. ఒకటి, నాలుగోవంతు, తొమ్మిదోవంతు, పదహారోవంతు, ఇలా వర్గాల విలోమాలన్నీ కూడుతూ పోతే పై (π) స్క్వేర్ బై ఆరు వస్తుందని నిరూపించినవాడు ఎవరు అన్నట్టు మొదలైంది. సహస్రా, అది నాకు తాతయ్య చెప్పిన కథ. కరెంటు పోయిన రాత్రుళ్లు అరుగు మీద పడుకోబెట్టి చెప్పేవారు. వృత్తంలో ఉండాల్సిన పై ఇక్కడికి ఎలా వచ్చిందో చూడవే అని ఆశ్చర్యపోతూ చెప్పేవారు, ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి ఆ ఆశ్చర్యం తగ్గేది కాదు. ఆ గదిలో ఎనిమిది మందిలోనూ మొదటి వాక్యానికే జవాబు తెలిసింది నాకొక్కదానికే. వేలు బజర్ మీదే ఉంది. నొక్కలేదు.

ఎందుకంటే తాతయ్య ఆ పేరుని యూలర్ అనేవారు. ఇక్కడి క్లాసులో టీచర్ ఇంకోలా అన్నట్టు లీలగా గుర్తు. ఏది సరైనదో తెలియదు. తప్పుగా పలికితే నవ్వుతారేమో, మళ్లీ నెగ్ అవుతుందేమో, మళ్లీ ఆ పెన్సిల్ చప్పుడు వినాలేమో. గుటకలు మింగుతూ కూర్చున్నాను. ప్రశ్న సాగి సాగి కోనిగ్స్‌బర్గ్ ఏడు వంతెనల దాకా వచ్చింది. అవతలి అబ్బాయి నొక్కి "ఆయిలర్" అన్నాడు. వాళ్లకి 10, బోనస్‌లో ఇంకో 20. మేము ఆ మ్యాచ్ 20 పాయింట్ల తేడాతో ఓడిపోయాం. తప్పు మాట్లాడినందుకు పోయింది 5. మాట్లాడనందుకు వాళ్లకి చేరింది 30, మాకు రావాల్సిన 15, ఆపైన బోనస్ కూడా పోయాయి. ఇంటికి వచ్చే బస్సులో ఈ లెక్క వేలి మీద వేసుకుంటూ కూర్చున్నాను.

ఏళ్ల తర్వాత మోడరేటర్‌గా చేరినప్పుడు రూల్స్ మొత్తం మొదటిసారి శ్రద్ధగా చదివాను. ఉచ్చారణ గురించి అక్కడ స్పష్టంగా ఉంది. ఆ పేరు రాసిన అక్షరాలను బట్టి ఎవరైనా అలా పలకొచ్చు అనిపించేలా ఉంటే ఒప్పుకోవాలి. యూలర్ అంటే ఒప్పుకుంటారు, తల్లీ. ఆ రోజు ఒప్పుకునేవారే. నేను దాచుకున్నది మా నాన్న పలికే తీరుని. ఆ రాత్రి ఆయన ఏం ప్రశ్నలొచ్చాయమ్మా అని ఎంతో ఆత్రంగా అడిగారు. అన్నీ చెప్పాను, అదొక్కటి తప్ప. చెప్పి ఉంటే అమెరికా పిల్లల పోటీలో మన అరుగు మీది లెక్క వచ్చిందా అని పది రోజులు చెప్పుకుని మురిసిపోయేవారు. ఇప్పుడు చెబుదామంటే ఆయన లేరు.

నీ విషయంలో నాకు ఈ భయం ఊరికే రాలేదు. పోయిన దీపావళికి మా ఇంట్లో పిల్లలందరినీ కూర్చోబెట్టి ప్రశ్నలడిగినప్పుడు నువ్వేం చేశావో గుర్తుందా? జవాబు మీ అమ్మ చెవిలో చెప్పి తనతో చెప్పించావు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. నాలుగూ కరెక్టే. వచ్చి రెండేళ్లయినా నీ ఇంగ్లీషు గురించి నీకు అనుమానం పోలేదని అప్పుడే అర్థమైంది. నీ ఇంగ్లీషులో లోపమేమీ లేదు. పుస్తకాల్లో చదివి నేర్చుకున్న మాటని ఇంతవరకూ బయటికి అనే అవకాశం రాకపోవడం సిగ్గుపడాల్సిన సంగతి కాదు. నువ్వు నీ వయసుకి మించి చదివావనే దాని అర్థం.

అందుకని ఈ వారంలో ఒక పని చెయ్యి. పాత టోర్నమెంట్ల ప్రశ్నలు, ప్యాకెట్లంటారు వాటిని, ఆన్‌లైన్‌లో ఉచితంగా బోలెడు దొరుకుతాయి. మీ నాన్నని పక్కన కూర్చోబెట్టి రోజూ ఒక ప్యాకెట్ గట్టిగా చదివించు. నొక్కడానికి ఏమీ లేకపోతే బల్ల మీద చెయ్యి కొట్టు. జవాబు గదిలో అందరికీ వినబడేలా చెప్పు. తెలియనివి ఒక నోట్‌బుక్‌లో రాసుకో. దేశాలు, రాజధానుల జాబితాలు బట్టీ పడుతూ కూర్చోవద్దు, పిరమిడ్ ప్రశ్నలో అవి చివరి వాక్యంలో తప్ప అక్కరకు రావు. నీకు ఇష్టమైన విషయం ఒకటి పట్టుకుని లోతుకి వెళ్లు. నలుగురూ తలో దారి పంచుకుంటేనే టీము.

పురాణాల ప్రశ్నల్లో మనవి కూడా వస్తాయి. నువ్వు అక్కడ ఎంత ముందు నొక్కుతావో ఊహించుకుంటే నాకు ఇప్పుడే చప్పట్లు కొట్టాలనిపిస్తోంది. చిన్నప్పుడు ఉరుములు ఉరిమితే నా కొంగులో తల దూర్చి "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అని పదే పదే చదివేదానివి. ఆ పేర్లన్నీ నీకు తెలుసు కానీ, అక్కడ మాత్రం అర్జున అనే చెప్పు. మోడరేటర్ కాగితం మీద మిగతావి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. జవాబు సగమే సరిపోతే మోడరేటర్ "ప్రాంప్ట్" అంటారు. తప్పని కాదు, ఇంకొంచెం చెప్పమని. రూజ్‌వెల్ట్ అంటే ఏ రూజ్‌వెల్ట్ అని అడిగినట్టు. ఆ మాట వినగానే కొత్త పిల్లలు బిక్కచచ్చిపోయి ఊరుకుంటారు. నువ్వు అలా చెయ్యకు, ఊపిరి తీసుకుని పూర్తి పేరు చెప్పు.

బోనస్ అప్పుడు కెప్టెన్ వైపు వంగు. అనుమానంగా ఉన్నా సరే నీకు తోచింది చెప్పు, "నాకు సగం నమ్మకం" అని కలిపి చెప్పు. టైము అయిదు సెకన్లే ఉంటుంది, మొహమాటపడితే అందులో మూడు అయిపోతాయి. కెప్టెన్ నీ మాట వినకుండా తప్పు చెబితే మ్యాచ్ అయ్యాక నెమ్మదిగా చెప్పు, అప్పటికప్పుడు కాదు.

ఇంకోటి, ఇది మీ నాన్నకి కూడా చదివి వినిపించు. టోర్నమెంట్ అయ్యాక ఎవరెవరికి ఎన్ని పాయింట్లొచ్చాయో ఆన్‌లైన్‌లో పెడతారు. అన్నయ్య అది తెరిచి నీ పేరు పక్కన అంకె చూస్తాడు, తర్వాత వేరే పిల్లల అంకెలు చూస్తాడు. నాకు ఆయన సంగతి తెలుసు. ఆ పట్టికలో ఒక్కొక్కరి పేరు మీద టాసప్ పాయింట్లే పడతాయి. బోనస్‌లన్నీ టీము ఖాతాలోకి వెళ్తాయి. నువ్వు గుసగుసగా చెప్పి గట్టెక్కించిన మూడు బోనస్‌లు నీ పేరు పక్కన ఎక్కడా కనబడవు. మొదటి టోర్నమెంట్‌లో నీ పేరు పక్కన సున్నా ఉన్నా సరే అన్నయ్య నోరు మెదపడానికి వీల్లేదు. మెదిపితే నాకు చెప్పు.

శనివారం నీళ్ల సీసా, రెండు పెన్నులు, స్వెటర్ పెట్టుకో. ఆ స్కూళ్లలో ఏసీ చలికి మధ్యాహ్నానికల్లా వేళ్లు కొంకర్లు పోతాయి. ముందురోజు తొందరగా పడుకో. వదినని పొద్దున్నే ఇడ్లీ పెట్టమను, ఖాళీ కడుపుతో వెళ్లకు.

ఆదివారం పది తర్వాత ఫోన్ చెయ్యి. స్కోరు మీ నాన్న చెబుతాడులే, నువ్వు ఏ ప్రశ్న మీద నెగ్ అయ్యావో, ఏం విని నొక్కావో చెప్పు. పొలోనియం గానీ, యూలర్ గానీ వస్తే మాత్రం ఆదివారం దాకా ఆగొద్దు, మ్యాచ్ అవ్వగానే బస్సులోంచే చెయ్యి.

మీ అత్త