సీ హాక్‌కి రంగు వేసే ముందు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. మీ కాలేజీ గేటు పక్కన ఇన్నేళ్లూ ఎండకీ వానకీ నిలబడ్డ సీ హాక్‌ని, అదే మన నేవీ పాత యుద్ధవిమానాన్ని, బాగుచేసే పని నీకు అప్పగించారంటే సంతోషమే. కానీ గాజువాక ఆటోనగర్ నుంచి డెంటింగ్, పెయింటింగ్ వాళ్లని మాట్లాడేశామని చివర్లో రాశావు చూడు, అక్కడే నాకు టెన్షన్ మొదలైంది. వాళ్లు పనిమంతులే, కాదనను. కానీ లారీ పనిలో మొదట చేసేది గ్రైండర్ పెట్టి పాత రంగంతా లేపేసి సొట్టల్లో పుట్టీ కొట్టడం. ఇక్కడా అదే చేస్తే సాయంత్రానికి విమానం బ్రహ్మాండంగా కనిపిస్తుంది, దాని చరిత్రలో సగం మాత్రం కింద పొడై పడి ఉంటుంది. వాళ్లని రెండు నెలలు ఆగమను.

ముందు ప్రాణాల సంగతి. సెల్ఫీల కోసం పిల్లల్ని కాక్‌పిట్‌లోకి ఎక్కించారని ఫోటోలో కనిపిస్తోంది, ఇవాళే ఆపించు. అందులోది ఎజెక్షన్ సీటు, అంటే ప్రమాదంలో పైలట్‌ని బయటికి విసిరేసే సీటు. దాన్ని పేల్చే మందు కాట్రిడ్జ్‌లు తీసేసినట్టు కాగితం చూపించేదాకా ఎవరి మాటా నమ్మకు, నేవీకి ఉత్తరం రాసి తెలిసినవాళ్లని రప్పించి చూపించు. రెండోది, ఆ కాలం బ్రిటిష్ డయళ్ల మీద చీకట్లో మెరవడానికి రేడియం రంగు పూసేవారు. ఇప్పుడు మెరవట్లేదు కదా అని అద్దం ఊడదీసి తుడవకు. మెరుపు పోయినా రేడియం పోదు, దాని అర్ధాయువే 1600 ఏళ్లు.

ఇక అసలు విషయానికొస్తాను. 'ఒరిజినల్‌గా ఉండాలి' అన్నారట మీ ఛైర్మన్ గారు. ఏ ఒరిజినలు? మన నేవీ కొన్ని సీ హాక్‌లని కొత్తవిగా తెప్పించింది, కొన్ని బ్రిటిష్ నేవీ వాడి పక్కన పెట్టినవి, 1960లలో పశ్చిమ జర్మనీ నేవీ దగ్గర కొన్నవి మరికొన్ని. 1971 యుద్ధంలో విమానవాహక నౌక విక్రాంత్ మీంచి లేచి, అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద దాడి చేసినవి ఈ సీ హాక్‌లే. అంటే నీ ముందున్నది రెండు దేశాల రంగులు వేసుకున్న విమానం కావచ్చు. అలాంటప్పుడు ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అలా చేస్తామంటే దాని జీవితమంతా చెరిపేసినట్టే. నన్నడిగితే నేవీలో ఆఖరిసారి ఎగిరిన రోజు ఎలా ఉందో అదే దాని ఒరిజినలు, మధ్యలో మనవాళ్లు వేసిన అతుకులతో సహా.

అతుకంటే చిన్నచూపు వద్దు. లండన్‌లో హెండన్ మ్యూజియంలో ఒక లిబరేటర్ బాంబర్ ఉంది. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక బ్రిటిష్ వాళ్లు ఇలాంటివాటిని కావాలని పాడుచేసి కాన్పూర్‌లో పారేసి పోతే, మన విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్ వాళ్లు వాటిని ఎగిరేలా చేసి బెంగళూరు పట్టుకెళ్లి బాగుచేశారు. మన ఎయిర్‌ఫోర్స్ 1968 దాకా వాడింది. హెండన్‌లో ఉన్నది అలా మన దగ్గర బతికి 1974లో ఇంగ్లండ్‌కి వెళ్లినదే. అందులో మన మెకానిక్కులు వేసిన రేకు నకిలీ అని తీసిపారేస్తే నేనైతే ఊరుకోను.

అదే మ్యూజియంలో ఒక హాలిఫాక్స్ బాంబర్ కూడా ఉంది. నార్వేలో సరస్సు అడుగు నుంచి 1973లో బయటికి తీశారు, ఎలా దొరికిందో దాదాపు అలాగే పెట్టారు. మరోపక్క 1940లో ఫ్రాన్స్‌లోని కాలే బీచ్‌లో దిగబడిపోయి 1980లో ఇసుకలోంచి పైకి తేలిన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాన్ని బాగుచేసి 2011లో మళ్లీ ఎగరేశారు. ఎగరాలంటే కొత్త లోహం వేయక తప్పదు, పైలట్ ప్రాణం కదా. నీ సీ హాక్ ఎగరదు. కాబట్టి 'పాతదైపోయింది' అని ఒక్క ప్యానెల్ మార్చడానికి కూడా నీకు సాకు లేదు. రేకు చిల్లు పడి లోపలికి నీళ్లు పోతుంటే మార్చు. మార్చినప్పుడు కొత్త ముక్క లోపలివైపు సంవత్సరం పంచ్ కొట్టించు, తీసిన ముక్కకి ట్యాగ్ కట్టి పెట్టెలో దాచు, ఎక్కడిది, ఎందుకు తీశామో పుస్తకంలో రాయి. ఆ పుస్తకం లేకపోతే ఇరవై ఏళ్ల తర్వాత వచ్చేవాడికి ఏది పాతదో ఏది నువ్వేసిందో ఎలా తెలుస్తుంది?

రంగు సంగతి. చక్రం లోపలికి మడుచుకునే అర ఉంటుంది చూడు, ఎండ తగలదు కాబట్టి పాత పూతలు అక్కడ బతికుంటాయి. అరచేయంత చోటు చూసుకుని, సబ్బునీళ్లతో కడిగి, సన్నటి వాటర్ పేపరు తడిపి గుండ్రంగా, తొందరపడకుండా రుద్దు. మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ. ఉల్లిపాయ కోసినట్టు ఒక్కో పూతా ఒక్కో రింగుగా బయటపడుతుంది, అన్నిటికన్నా అడుగున పసుపుపచ్చ ప్రైమర్ రావచ్చు. అందులో క్రోమేట్ ఉంటుంది, ఊపిరితిత్తులకి మంచిది కాదు, మాస్కు లేకుండా, పొడిగా మాత్రం రుద్దొద్దు. లోహం దాకా వెళ్లకు. పక్కన స్కేలు పెట్టి పగటి వెలుతురులో ఫోటో తియ్యి. ఆ తర్వాత వెతకాల్సింది స్టెన్సిల్ అక్షరాలు. జర్మన్ మాట ఒక్కటి కనిపించినా ఛైర్మన్ గారికి చూపించడానికి అంతకన్నా ఏం కావాలి?

మన ఊరి ఉప్పుగాలి గురించి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు, బీచ్ రోడ్డు ఇళ్ల కిటికీ ఊచలు చూస్తూనే ఉన్నావు. అల్యూమినియం మీద ఎర్రతుప్పు రాదు, తెల్లటి పొడి వస్తుంది, రేకు పొరలు పొరలుగా ఉబ్బుతుంది. స్టీలు బోల్టు తగిలిన చోట మరీను. రెక్క మడిచే కీళ్ల దగ్గర మొదట చూడు. మంచినీళ్లతో బాగా కడిగించు, ప్రెజర్ వద్దు. అడుగున నీళ్లు కారిపోయే రంధ్రాలుంటాయి, పాత రంగుతోనో గోరింకల గూళ్లతోనో మూసుకుపోయి ఉంటాయి, తెరిపించు. సగం జబ్బు అక్కడే తగ్గుతుంది. ఎమరీ పెట్టి తళతళా మెరిపిస్తామని ఎవడైనా అంటే పంపించెయ్యి. ఆ రేకు పైన కాపాడడానికి స్వచ్ఛమైన అల్యూమినియం పల్చటి పూత ఉంటుంది, అది అరిగితే ఇక మన సముద్రం దాన్ని తినేస్తుంది. ఊడిన రివెట్ల చోట పాప్ రివెట్లు వద్దు, సాలిడ్ రివెట్ కొట్టేవాళ్లు మన ఊళ్లో రిటైరైనవాళ్లే బోలెడుమంది దొరుకుతారు, నేను ఇద్దరు ముగ్గురిని పంపిస్తాను. కూలీ ఇవ్వక్కర్లేదు, టీలు మాత్రం టైముకి అందాలి.

ముక్కు మీద షార్క్ పళ్లు వేయించాలని స్టూడెంట్స్ అడుగుతున్నారన్నావు. అంత సరదాగా ఉంటే గేటుకి ఫ్లెక్సీ కట్టుకోమను. విమానం మీద మాత్రం నువ్వు రుజువు చూపించగలిగిన గుర్తే పడాలి. తెల్లపులి, అంటే సీ హాక్‌లు నడిపిన నేవీ దళం 300 స్క్వాడ్రన్ బొమ్మ కూడా, ఈ నంబరు విమానం ఆ స్క్వాడ్రన్‌లో ఉందని తేలాకే. నంబరు కోసం లోపలి డేటా ప్లేట్ చూడు, సీ హాక్‌లు తయారుచేసిన కంపెనీ ఆర్మ్‌స్ట్రాంగ్ విట్‌వర్త్ పేరు ఉండొచ్చు. ఫోటో తీసి నాకు పంపు. గోవా నేవల్ ఏవియేషన్ మ్యూజియంలోనూ ఒక సీ హాక్ ఉంది, వీలైతే వెళ్లి పక్కన నిలబడి పోల్చుకో.

డిసెంబర్ 4 నేవీ డేకి ప్రారంభం అంటున్నారు కదా. అప్పటికి మొత్తం అవ్వదు, ఇప్పుడే చెప్పెయ్యి. ముక్కు, ఒక రెక్క పూర్తిచేసి, రెండో రెక్క ఉన్నదున్నట్టు వదిలేసి, మధ్యలో తాడు కట్టి జనానికి చూపించండి. మిగతా పని వాళ్లు చూస్తుండగానే చేసుకోవచ్చు.

మీ పెద్దనాన్న