సోలార్‌లో లక్షల కోట్లు పెడుతున్నారు సరే, మరి పాపని ఏ బ్రాంచ్‌లో వెయ్యాలి?

ప్రశ్న: ఇబ్రహీంపట్నం నుంచి రాస్తున్నాను మేడమ్. వీటీపీఎస్ (విజయవాడ థర్మల్ పవర్ స్టేషన్)లో ఆపరేషన్ సైడ్ కాంట్రాక్ట్ మీద చేస్తున్నాను. మా పాపకి ఈఏపీసెట్‌లో 24 వేల ర్యాంక్ వచ్చింది. చుట్టాలంతా సీఎస్ఈ అంటున్నారు, తనకేమో కరెంటు సబ్జెక్టే ఇష్టం. కేంద్ర ప్రభుత్వ కరెంటు కంపెనీ ఎన్టీపీసీ సోలార్‌లో లక్షల కోట్లు పెడుతోందని పేపర్లో చదివాను. ఒక ప్రైవేట్ కాలేజీ వాళ్ళు రెన్యువబుల్ ఎనర్జీ బీటెక్ అని చెప్తున్నారు, మేనేజ్‌మెంట్ సీటు ఫీజైనా సరే అప్పుచేసి చేర్చేద్దామా అని ఆలోచన. మా తమ్ముడి కొడుకు ఐటీఐ ఎలక్ట్రీషియన్ అయ్యి ఖాళీగా ఉన్నాడు, వాడి గురించి కూడా చెప్పండి.

జవాబు: అన్నయ్య గారూ, పాపకి కరెంటు ఇష్టమైతే ఈఈఈలో (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) చేర్చండి, మామూలు ఈఈఈ. ఆ కొత్త పేరు కోర్సుకి అప్పుచేసి ఫీజు కట్టొద్దు. ఎందుకో కొంచెం వివరంగానే చెప్తా, ఎందుకంటే ఈ సీజన్లో నా దగ్గరకొచ్చే పేరెంట్స్‌లో చాలామంది మీలాగే లెక్కేస్తున్నారు, ఫలానా కంపెనీ ఇన్ని కోట్లు పెడుతోంది కాబట్టి అన్ని ఉద్యోగాలు పడతాయి అని.

మీరు చదివింది నిజమే. ఎన్టీపీసీ 2032 కల్లా 60 గిగావాట్ల రెన్యువబుల్ అని టార్గెట్ పెట్టుకుంది, దానికోసం ఎన్టీపీసీ గ్రీన్ ఎనర్జీ అని వేరే కంపెనీ పెట్టి 2024 నవంబర్‌లో 10,000 కోట్ల ఐపీఓకి (జనానికి షేర్లు అమ్మడానికి) కూడా వచ్చింది. మన అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర గ్రీన్ హైడ్రోజన్ (సోలార్, విండ్ కరెంటుతో నీళ్ళ నుంచి తీసే హైడ్రోజన్) హబ్‌కి 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు, దాని పెట్టుబడే 1.85 లక్షల కోట్లు అన్నారు, మీరు చూసింది బహుశా ఆ వార్తే. కానీ అందులో 20 గిగావాట్ల సోలార్, విండ్ లాంటివి కూడా కలిపి చెప్పిన లెక్క అది, అదంతా పూడిమడకలోనే కట్టేస్తారని కాదు.

అసలు సోలార్ ప్లాంట్‌లో డబ్బు ఎటు పోతుందో చూడండి. పెద్ద వాటా ప్యానెల్స్‌కే పోతుంది, తర్వాత ఇన్వర్టర్లు, స్ట్రక్చర్, కేబుల్స్, సబ్‌స్టేషన్, అక్కడినుంచి గ్రిడ్ దాకా లైను. మెగావాట్‌కి నాలుగైదు ఎకరాలు కావాలి కాబట్టి భూమి పని ఒకటి. మామూలుగా పెట్టుబడిలో 70 శాతం దాకా అప్పే, అంటే వడ్డీ కట్టాలి. కట్టేది కాంట్రాక్ట్ కంపెనీ, కట్టేటప్పుడు సైట్‌లో వందల మంది ఉంటారు, ఏడాదో ఏడాదిన్నరో అయ్యాక అందరూ ఇంకో సైట్‌కి వెళ్ళిపోతారు. ఆ తర్వాత అక్కడ బొగ్గు లేదు, బాయిలర్ లేదు, బూడిద లేదు, టర్బైన్ ఓవర్‌హాల్ లేదు, ప్యానెల్స్ కడిగేవాళ్ళు, సెక్యూరిటీ, కొద్దిమంది ఇంజినీర్లు, అంతే. మీ వీటీపీఎస్ 2,560 మెగావాట్లు, షిఫ్ట్ మారేటప్పుడు గేటు దగ్గర జనం ఎంతుంటారో మీకు నేను చెప్పాలా. అన్ని మెగావాట్ల సోలార్‌కి అందులో చిన్న వంతు మంది చాలు.

ఇంక రిక్రూట్‌మెంట్. ఎన్టీపీసీ ఫ్రెషర్ ఇంజినీర్లని తీసుకునేది ప్రధానంగా గేట్ (బీటెక్ వాళ్ళు రాసే జాతీయ పరీక్ష) స్కోర్ మీద, డిగ్రీలో 65 శాతం మార్కులు అడుగుతారు, ఎస్సీ ఎస్టీలకి 55. అన్నిటికన్నా ముఖ్యం, ఏ ఏ పేర్లున్న డిగ్రీలు పనికొస్తాయో నోటిఫికేషన్‌లో లిస్ట్ ఇస్తారు, ఎలక్ట్రికల్, ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్, పవర్ ఇంజినీరింగ్, ఇలా. సర్టిఫికెట్ మీద ఆ లిస్ట్‌లో లేని కొత్త పేరుంటే నాలుగేళ్ళ తర్వాత ఎవడితో వాదిస్తాం? కాలేజీ వాళ్ళు మాత్రం అప్పటికి ఇంకో బ్యాచ్‌కి ఇంకో పేరు అమ్ముతుంటారు. ఎన్టీపీసీ గ్రీన్ వాళ్ళే 2025లో విడిగా నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు ఎలక్ట్రికల్, సివిల్, మెకానికల్, ఫైనాన్స్ ఇలాంటి పోస్టులే వేశారు, అదీ అనుభవం అడిగి, మూడేళ్ళ కాంట్రాక్ట్ మీద. సోలార్ కంపెనీకే సోలార్ డిగ్రీ అక్కర్లేకపోయింది చూశారా.

అయితే పని లేదనుకోకండి, పని ప్యానెల్ దగ్గర కాదు, గ్రిడ్ దగ్గర ఉంది. ఇది మీకు బాగా అర్థమయ్యే విషయం. పగలు ఎండ బాగా కాస్తుంటే మీ యూనిట్ లోడ్ తగ్గించమని లోడ్ డిస్పాచ్ (గ్రిడ్‌లో కరెంటు సరిచూసే సెంటర్) నుంచి మెసేజ్ వస్తుంది కదా, సాయంత్రం ఆరు దాటేసరికి మళ్ళీ పెంచు పెంచు అంటారు. ఆ ఎక్కించడం దించడం అంతా ఇప్పుడు పెద్ద సబ్జెక్ట్ అయిపోయింది. రోజుని 15 నిమిషాల చొప్పున 96 బ్లాకులు చేసి, ఏ బ్లాక్‌లో ఎంత కరెంటు ఇస్తారో సోలార్ వాళ్ళు ముందే చెప్పాలి, మరీ తేడా వస్తే ఛార్జీలు పడతాయి. మబ్బు పట్టిందంటే డబ్బు పోతుందన్నమాట. అందుకని ఫోర్‌కాస్టింగ్ చేసేవాళ్ళు కావాలి, షెడ్యూలింగ్ వాళ్ళు కావాలి, రిలేలు (ఫాల్ట్ వస్తే లైను కట్ చేయించే పరికరాలు) సెట్టింగ్ చేసే ప్రొటెక్షన్ ఇంజినీర్లు కావాలి, 400 కేవీ సబ్‌స్టేషన్ డిజైన్ వచ్చినవాళ్ళు కావాలి.

ఇంకోటి స్టోరేజ్. మిర్చి అంతా ఒక్కసారే గుంటూరు యార్డుకొచ్చి పడితే రేటు ఏమవుతుందో, అప్పుడు కోల్డ్ స్టోరేజీలో జాగా ఉన్నవాడు ఎలా నిలబడతాడో మీకు తెలుసు, మధ్యాహ్నం సోలార్ కరెంటు కథ కూడా అదే. అందుకే కర్నూలు వైపు పిన్నాపురంలో గ్రీన్‌కో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ పెట్టింది, పగలు చవక కరెంటుతో నీళ్ళు పైకి తోడి రాత్రి కిందకి వదలడం. అక్కడ సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ అందరికీ పని ఉంటుంది. బ్యాటరీ ప్లాంట్ల టెండర్లు కూడా ఇప్పుడు వరసగా వస్తున్నాయి, వాటికి పవర్ ఎలక్ట్రానిక్స్ (డీసీ కరెంటుని ఏసీగా, ఏసీని డీసీగా మార్చే సబ్జెక్ట్) బాగా వచ్చినవాళ్ళు కావాలి. పాపకి చెప్పండి, సెకండియర్ నుంచి పవర్ సిస్టమ్స్, పవర్ ఎలక్ట్రానిక్స్ ఈ రెండూ గట్టిగా పట్టుకోమని, పక్కన పైథాన్ నేర్చుకోమని. ఫోర్‌కాస్టింగ్ అంతా కోడింగే కాబట్టి చుట్టాల మాట కూడా కొంత నిలబెట్టినట్టు అవుతుంది.

కష్టం కూడా చెప్పాలి కదా. కోర్ సైడ్ (సాఫ్ట్‌వేర్ కాకుండా సొంత బ్రాంచ్ పని) ప్రైవేట్‌లో మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్స్ కన్నా తక్కువే ఉంటుంది, సైట్ అంటే అనంతపురం, కర్నూలు, లేదంటే రాజస్థాన్, ఊరికి దూరంగా ఎండలో. మన జెన్‌కో, ట్రాన్స్‌కో నోటిఫికేషన్ పడుతుందని ఎదురుచూస్తూ కూర్చుంటే ఏళ్ళు పోవచ్చు, వస్తే రాయాలి, అదే ప్లాన్ అనుకోకూడదు. ఆడపిల్లని సైట్‌కి పంపడమా అని ఇంట్లో అంటారని తెలుసు, నా అభిప్రాయం అయితే తను వెళ్తానంటే పంపండి, రెండేళ్ళు సైట్ చూసినవాళ్ళకి తర్వాత డిజైన్ ఆఫీసుల్లో ఉండే విలువే వేరు. సైట్ మాట వినగానే మొహం ముడుచుకుంటే మాత్రం సీఎస్ఈ గురించి మళ్ళీ మాట్లాడుకుందాం, అది తననే అడగండి, మీరు ఊహించొద్దు.

మీ తమ్ముడి అబ్బాయికి నిజానికి పాపకన్నా ముందే పని దొరుకుతుంది. ఇళ్ళ మీద సోలార్ పెట్టించే పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల రూఫ్‌టాప్‌కి కేంద్రం 78,000 సబ్సిడీ ఇస్తోంది, ఆ ప్యానెల్స్ డాబా ఎక్కించి బిగించడానికి తెలిసిన చెయ్యి కావాలి. సూర్యమిత్ర అని మూడు నెలల ట్రైనింగ్ ఉంది, ఐటీఐ ఎలక్ట్రీషియన్ సరిపోతుంది. తర్వాత సీపీడీసీఎల్ (మన వైపు కరెంటు పంపిణీ కంపెనీ) పరిధిలో రిజిస్టర్ అయిన ఏదో ఒక వెండర్ దగ్గర ఏడాది చేయమనండి, ఎర్తింగ్, డీసీ వైరింగ్, నెట్ మీటర్ (గ్రిడ్‌కి ఇచ్చిన, తీసుకున్న కరెంటు లెక్కించే మీటర్) కాగితాలు మూడూ వచ్చాయంటే సొంతంగా పట్టుకోవచ్చు. డాబా అంచున సేఫ్టీ బెల్ట్ లేకుండా ఎక్కించే వెండర్ దగ్గర మాత్రం ఒక్కరోజు కూడా వద్దు.

ఇంక వెబ్ ఆప్షన్లకి వద్దాం. కన్వీనర్ కోటాలో బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల పాత కాలేజీల ఈఈఈ అన్నీ వరసగా పెట్టండి, సీఎస్ఈకి ఉన్నంత పోటీ దీనికి ఉండదు కాబట్టి ఈ ర్యాంకుకి మంచి కాలేజీయే దొరకొచ్చు. పెట్టేముందు ల్యాబులు వెళ్ళి చూడండి, మీరు ప్లాంట్ మనిషి, మెషిన్లు నడుస్తున్నాయా దుమ్ము పట్టి ఉన్నాయా అన్నది నాకన్నా మీకే బాగా తెలుస్తుంది. ఆ ప్రైవేట్ కాలేజీ వాళ్ళు అడ్వాన్స్ కట్టమని ఫోన్లు చేస్తుంటే, సర్టిఫికెట్ మీద డిగ్రీ పేరు ఏమని ప్రింట్ అవుతుందో కాగితం మీద రాసిమ్మనండి, ఇస్తే దాని ఫోటో నాకు పెట్టండి.