సముద్రపు నత్తను ఫార్మలిన్‌లో ఉంచితే గుల్ల ఎందుకు మాయమవుతుంది?

ఫార్మలిన్ అంటే జీవుల నమూనాలు కుళ్లకుండా దాచే ఫార్మాల్డిహైడ్ ద్రావణం. దానికి గాలి తగిలితే మెల్లగా ఫార్మిక్ ఆమ్లం పుడుతుంది, అదే గుల్లను కరిగించేస్తుంది. చలి సముద్రాల్లో తేలుతూ తిరిగే లిమాసినా నత్తనే చూడండి. కొన్ని మిల్లీమీటర్ల గుల్ల, వేలితో నొక్కితే పగిలేంత పల్చన. పైగా అది అరగొనైట్ అనే రకం కాల్షియం కార్బొనేట్, మరో రకమైన కాల్సైట్ కన్నా తేలిగ్గా కరుగుతుంది. తిరుపతి మే ఎండల్లో, ల్యాబులో మూత వదులైన సీసా ఉంటే ఇంకా త్వరగా పాడవుతుంది, చివరికి మెత్తటి ఒళ్లే మిగులుతుంది. దాచడానికి 70 శాతం ఆల్కహాలే మేలు.

ఫార్మలిన్‌లో ఆమ్లాన్ని విరిచే బోరాక్స్ ఒకసారి కలిపితే చాలని చాలామంది అనుకుంటారు. అది ఖర్చయిపోతుంది, పీహెచ్ (ఆమ్లత్వపు కొలత) తరచూ చూడాల్సిందే.

లోతు సముద్రపు గాజు స్పాంజిలనే జీవుల ముళ్లు సిలికావి (గాజులో ఉండే పదార్థం), వాటికి ఈ ఆమ్లం భయం లేదు. కానీ స్పాంజి ఒంట్లోని నీటితో ఆల్కహాల్ పలచబడుతుంది, మర్నాడే మార్చాలి.