అంతా డెవ్‌ఎమ్ చూసుకుంటుందా?

ప్రశ్న: సార్, లినక్స్‌లో ఒక ఈథర్‌నెట్ కార్డుకి డ్రైవర్ రాస్తున్నాను. ప్రోబ్‌లో (డివైస్‌కి డ్రైవర్ని తగిలించేటప్పుడు నడిచే ఫంక్షన్) తప్పు జరిగితే తీసుకున్నవన్నీ విడిచే గోటూల గోల భరించలేక ఇంటరప్ట్‌ని, ప్యాకెట్ల కోసం వాడే రింగ్ మెమరీని డెవ్‌ఎమ్ ఫంక్షన్లకి, అంటే డివైస్ పేర తీసుకున్నవాటిని కెర్నెలే విడిచేవాటికి, మార్చేశాను. ఇప్పుడు మాడ్యూల్ తీసేటప్పుడు అప్పుడప్పుడూ కెర్నెల్ క్రాష్ అవుతోంది. శుభ్రం చేసే పని డెవ్‌ఎమ్‌దే కదా?

జవాబు: దానిదే, కానీ ఎప్పుడు చేస్తుందో చూశారా? డ్రైవర్ని తీసేటప్పుడు నడిచే మీ రిమూవ్ ఫంక్షన్ పూర్తయ్యాకే అది రంగంలోకి దిగుతుంది. మీరేమో రిమూవ్‌లోనే అన్‌రిజిస్టర్ నెట్‌డెవ్, ఆ వెంటనే ఫ్రీ నెట్‌డెవ్ పిలిచేస్తున్నట్టున్నారు, అంటే నెట్‌డెవ్ (కెర్నెల్లో మీ కార్డుని సూచించే స్ట్రక్చర్), దానితోపాటే ఉండే మీ ప్రైవేట్ డేటా పోయాయి, ఇంటరప్ట్ మాత్రం ఇంకా బతికే ఉంది. ఆ లైన్ని ఇంకో కార్డు కూడా పంచుకుంటుంటే దానికొచ్చిన ఇంటరప్ట్‌కి మీ హ్యాండ్లర్ కూడా నడిచి, విడిచేసిన మెమరీలో వేలు పెడుతుంది. అనుమానముంటే డీబగ్ ఎస్‌హెచ్‌ఐఆర్‌క్యూ, కాసాన్ (మెమరీ తప్పుల్ని పట్టేది) అనే కెర్నెల్ ఆప్షన్లు రెండూ ఆన్ చేసి కెర్నెల్ బిల్డ్ చేయండి. పంచుకునే ఇంటరప్ట్‌ని విడిచేటప్పుడు మొదటిది కావాలనే హ్యాండ్లర్ని ఇంకోసారి పిలుస్తుంది, తప్పు ఎక్కడుందో రెండోది చూపిస్తుంది.

2007 నుంచీ ఉన్న ఈ డెవ్‌ఎమ్ తన చేతికిచ్చినవాటిని తీసుకున్న వరుసకి తిరగేసి విడుస్తుంది, అందులో లోపం లేదు. సగం దానికిచ్చి సగం మనం చేత్తో చేస్తేనే తంటా. నెట్‌డెవ్ కేటాయింపు, ఇంటరప్ట్, రిజిస్ట్రేషన్ ఈ వరుసలోనే మూడూ డెవ్‌ఎమ్‌కి ఇచ్చేస్తే సరిపోతుంది. నన్నడిగితే మాత్రం ఇంటరప్ట్‌ని ఇంటర్‌ఫేస్ అప్ అయ్యేటప్పుడు నడిచే ఓపెన్‌లో అడిగి, డౌన్ అయ్యేటప్పుడు నడిచే స్టాప్‌లో విడిచేయండి, నెట్‌వర్క్ డ్రైవర్లలో చాలావరకు అదే పద్ధతి.

అన్నట్టు ఆ రింగ్ మెమరీ ఎక్కడ తీసుకుంటున్నారు? ఓపెన్‌లో అయితే ఇంటర్‌ఫేస్‌ని డౌన్ చేసి అప్ చేసిన ప్రతిసారీ కొత్త ముక్క చేరుతుంది, పాతది డ్రైవర్ డివైస్‌ని వదిలేదాకా కదలదు. క్రాష్ కాదు కాబట్టి ఎవరి కంటా పడదు, అదే ఇంకా టెన్షన్.

నెట్‌వర్కింగ్ మెయింటెయినర్లకి కూడా ఈ ఆటోమేటిక్ శుభ్రత మీద పెద్ద నమ్మకం లేదు, ఆ మాట వాళ్ళ డాక్యుమెంటేషన్‌లోనే రాసుకున్నారు: డెవ్‌ఎమ్ వాడితే ఒప్పుకుంటారు, కోరుకోరు. 2023లో 6.5 కెర్నెల్‌తో వచ్చిన గార్డ్ మ్యాక్రోని (లాక్ తీసుకుని, ఆ బ్లాక్ దాటగానే దానంతటదే విడిచేది) కూడా 20 లైన్లు దాటిన ఫంక్షన్లలో వద్దంటారు. నాకు వాళ్ళ వాదనే నచ్చుతుంది, రివ్యూ చేసేవాడికి లాక్, అన్‌లాక్ రెండూ కళ్ళెదుట కనబడాలి. పాత డ్రైవర్లని ఊరికే డెవ్‌ఎమ్‌కి మార్చే ప్యాచ్‌లు మాత్రం పంపకండి, వేరే పనిలో భాగం కాకపోతే వద్దని అదే డాక్యుమెంట్‌లో ఉంది.